మాంసం సరే, ఎముక మాటేమిటి?

ప్రశ్న: డాక్టరు గారూ! మా ఇంట్లో నాలుగు నెలల అల్సేషియన్ పిల్ల ఉంది. బరువు 12 కిలోలు. రోజుకు అరకిలో బొమికల్లేని కోడిమాంసం ఉడికించి, అన్నంలో కలిపి రెండుపూటలా పెడుతున్నాం. పొద్దున్నే అరలీటరు ఆవుపాలు, ఒక కోడిగుడ్డు. మాకు లేకపోయినా దానికి మాత్రం లోటు చెయ్యడం లేదు. అయినా పదిహేను రోజులనుంచి కుంటుతోంది. ముందుకాళ్ళు విల్లులా వంగుతున్నాయి. ఎత్తుకోబోతే కుయ్యోమని ఏడుస్తుంది. పక్కింటివారు కాల్షియం తక్కువైందంటున్నారు. ఇన్ని పాలు తాగే పిల్లకు కాల్షియం తక్కువ కావడమేమిటి? టానిక్ పొయ్యమంటే ఎన్ని చెంచాలు పొయ్యాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ పక్కింటివారు చెప్పినమాట నిజం కావడానికే అవకాశం ఎక్కువ. అయితే టానిక్ ఎన్ని చెంచాలో చెప్పేముందు మీరు చెయ్యవలసిన పని ఒకటుంది. ఈ పత్రిక పక్కన పెట్టి, ఆ పిల్లను పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఎత్తుకునేటప్పుడు ఒక చెయ్యి రొమ్ముకింద, ఇంకో చెయ్యి వెనకభాగం కింద పెట్టి జాగ్రత్తగా ఎత్తండి. కాళ్ళు పట్టుకుని లాగవద్దు. ఎముకలు పలచబడిన పిల్లకు మంచంమీంచి దూకినా చాలు, కాలు విరగవచ్చు. ఎక్స్‌రే తీయిస్తే సంగతి తేలిపోతుంది.

ఇక మీ అనుమానం. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి. ప్రేమగా, ఖర్చుకు వెనకాడకుండా మాంసం పెట్టి పెంచే ఇళ్ళలోనే ఈ జబ్బు కనిపించడం విచిత్రంగా తోస్తుంది. కాని ఇందులో విచిత్రం ఏమీ లేదు. లెక్క వేసి చూద్దాం.

లెక్క ఏం చెబుతుంది?

వంద గ్రాముల మెత్తటి మాంసంలో కాల్షియం సుమారు 10 మిల్లీగ్రాములు మాత్రమే ఉంటుంది. కోడి అయినా, మేక అయినా పెద్ద తేడా లేదు. అదే మాంసంలో భాస్వరం 200 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. అంటే కాల్షియం ఒక పాలైతే భాస్వరం ఇరవై పాళ్ళు. కార్జం సంగతి ఇంకా అన్యాయం. అందులో కాల్షియం ఈ పదే, భాస్వరం 300 పైన. వండిన అన్నంలో కూడా వంద గ్రాములకు కాల్షియం పది మిల్లీగ్రాములకు మించదు.

మీ పిల్ల రోజంతా తినేదాన్ని కలిపి చూడండి. అరకిలో మాంసంలో కాల్షియం 50 మిల్లీగ్రాములు. అరలీటరు పాలల్లో 600. గుడ్డులో 25. అన్నం ఏ నాలుగు వందల గ్రాములో తింటే 40. మొత్తం 715 మిల్లీగ్రాములు. అంటే ముప్పాతిక గ్రాముకు కూడా కొంచెం తక్కువే.

మరి కావలసిందెంత? ఎదిగే కుక్కపిల్లకు ప్రతి వెయ్యి కాలరీల ఆహారానికీ 3 గ్రాముల కాల్షియం కావాలని పోషకాహార శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. మీ పిల్ల తినేది సుమారు 1500 కాలరీలు. కనుక దానికి రోజుకు నాలుగున్నర గ్రాములు కావాలి. అందుతున్నది ఆరోవంతు. అందులోనూ ఎక్కువభాగం ఆ పాలవల్లనే. మీరు ఎంతో ఖర్చుపెట్టి కొంటున్న మాంసం ఈ లెక్కలో చేర్చింది ఏమీ లేదు.

పాలు పెంచితే సరిపోదా అంటారేమో. నాలుగున్నర గ్రాముల కాల్షియం ఒక్క పాలతోనే రావాలంటే రోజుకు దాదాపు నాలుగు లీటర్లు పొయ్యాలి. నాలుగు లీటర్ల ఆవుపాలల్లో రెండున్నర వేల కాలరీలు ఉంటాయి. అది పిల్ల మొత్తం తిండికంటే ఎక్కువ. పైగా పాలు మానిన వయసునుంచీ కుక్కలకు పాలల్లోని చక్కెరను అరిగించుకునే శక్తి తగ్గుతుంది. విరేచనాలు పట్టుకుంటాయి. పాలు మంచివే. కాని ఎముక చెయ్యవలసిన పనిని పాలు చెయ్యలేవు.

ఒంట్లో జరిగేదేమిటి?

రక్తంలో కాల్షియం ఎప్పుడూ ఒక మట్టంలో ఉండి తీరాలి. గుండె కొట్టుకోవడానికి, కండరాలు కదలడానికి, నరాలు పనిచెయ్యడానికి అది లేకపోతే గడవదు. మెడదగ్గర పారాథైరాయిడ్ అనే చిన్న గ్రంథులున్నాయి. తిండిలో కాల్షియం తగ్గి, భాస్వరం ఎక్కువైనప్పుడు ఈ గ్రంథులు విజృంభిస్తాయి. ఎముకల్లో దాచిన కాల్షియాన్ని తీసి రక్తంలో కలుపుతాయి. ఇల్లు గడవక, దూలాలు ఊడదీసి అమ్ముకున్నట్టన్నమాట. కొన్నాళ్ళు గడుస్తుంది. తర్వాత ఇల్లు కూలుతుంది.

అందుకే ఒక్కొక్కసారి రక్తపరీక్షలో కాల్షియం సరిగానే ఉన్నట్టు వస్తుంది. అది చూసి సంతోషించకూడదు. రక్తంలో సరిగా ఉన్నది ఎముకలను కరిగించబట్టే. ఎక్స్‌రేలో చూస్తే ఎముకల గోడలు పలచగా, ఉల్లిపొరలా కనిపిస్తాయి. పిల్ల ఆటలు మానేస్తుంది, మెట్లెక్కదు, కుంటుతుంది. పంజాలు పరుచుకుపోతాయి. కొన్నిటికి వెన్నెముక నొక్కుకుపోయి వెనకకాళ్ళు పడిపోతాయి. ఆ స్థితికి వచ్చాక చెయ్యగలిగింది తక్కువ. దానికి ముందే పట్టుకుంటే చాలామటుకు తిండి సరిచెయ్యడంతోనే పిల్లలు తేరుకుంటాయి.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1889లో లండన్ జంతు ప్రదర్శనశాలలో సింహపు పిల్లలు కాళ్ళు వంకర్లుపోయి బాధపడుతుంటే, జాన్ బ్లాండ్ సటన్ అనే శస్త్రవైద్యుడు వాటికి వట్టి మాంసం కాక పొడిచేసిన ఎముకలు, పాలు, కాడ్ చేపనూనె పెట్టించాడు. పిల్లలు కోలుకున్నాయి. మృగరాజు బిడ్డకే మాంసం ఒక్కటీ చాలలేదంటే మన ఇంటి కుక్కపిల్ల సంగతి చెప్పాలా?

అడవిలో తోడేలు వట్టి కండ తినదు. చిన్న జంతువు దొరికితే ఎముకలతో సహా నమిలేస్తుంది. మనం మాంసం కొట్టులో "బోన్‌లెస్ ఇవ్వు" అని ప్రత్యేకంగా అడిగి తెచ్చి పెడుతున్నాం. ప్రకృతి కలిపి ఇచ్చినదాన్ని విడదీసి, అందులో సగమే పెడుతున్నామన్నమాట.

మీ పిల్లకు ఏం చెయ్యాలి?

మొదటిది విశ్రాంతి. డాక్టరు సరేననేదాకా మెట్లు, దూకుడు, గొలుసు పట్టుకుని పరుగులు పనికిరావు. కాలు జారే నునుపు గచ్చుమీద గోనెపట్టా పరచండి. నొప్పి తగ్గించే మాత్రలు ఇంట్లోవి వెయ్యకండి. మనుషులు వేసుకునే నొప్పిమాత్రలు కొన్ని కుక్కల ప్రాణాలమీదికి తెస్తాయి.

రెండోది తిండి. పెద్దజాతి పిల్లకు, అందులోనూ జబ్బుపడ్డ పిల్లకు, అందాజుగా కాల్షియం కలపడం మంచిది కాదు. మీ పిల్ల తిండిలో కాల్షియం ఒక్కటే కాదు, లెక్కకు భాస్వరం కూడా చాలదు. కావలసింది మూడున్నర గ్రాముల పైన, అందుతున్నది రెండు గ్రాముల లోపు. జింకు, రాగి, అయోడిన్, డి విటమిన్ కూడా అంతంతమాత్రమే. కనుక ఎదుగుదల పూర్తయ్యేవరకు పెద్దజాతి పిల్లలకోసమే తయారుచేసిన ప్యాకెట్ ఆహారానికి నాలుగైదు రోజుల్లో మెల్లగా మార్చడం అన్నిటికంటే సులువైన దారి. అలా మార్చినప్పుడు దానిమీద టానిక్‌గాని, పొడిగాని చుక్క కూడా వెయ్యకూడదు. ఇంటి తిండే పెట్టాలనుకుంటే కాల్షియం, భాస్వరం రెండూ ఉన్న ఖనిజ మిశ్రమాన్ని పశువైద్యుడిచేత బరువునుబట్టి గ్రాముల్లో రాయించుకుని, తూచి కలపండి.

ఇంతకీ టానిక్ ఎన్ని చెంచాలని కదా మీ ప్రశ్న. సీసామీద చెంచాకు ఎన్ని మిల్లీగ్రాముల కాల్షియం అని రాసి ఉంటుంది. దాన్ని నాలుగున్నర గ్రాములతో పోల్చి చూసుకోండి. చెంచాడు టానిక్ పోసి తృప్తిపడడం ఎంత పొరపాటో మీకే తెలుస్తుంది. సీసాలు సీసాలు పొయ్యడం అంతకంటే పొరపాటు.

ఎక్కువైనా చేటే

"కాస్త ఎక్కువైతే ఏం? ఒంటికి కావలసింది తీసుకుని మిగతాది వదిలేస్తుంది" అనుకునేవారున్నారు. పెద్దకుక్క విషయంలో కొంతవరకు అది నిజం. పిల్లల విషయంలో నిజం కాదు. ఆరునెలల లోపు పిల్లల పేగులకు వద్దని చెప్పే శక్తి ఇంకా సరిగా రాదు. ఎంత పెడితే అందులో పెద్దభాగం లోపలికి పోతూనే ఉంటుంది. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ విశ్వవిద్యాలయం పశువైద్యులు 1985లో ప్రకటించిన పరిశోధనలో, కావలసినదానికి మూడురెట్లు కాల్షియం తిన్న గ్రేట్ డేన్ పిల్లలకు ఎముకల ఎదుగుదల దెబ్బతింది. కీళ్ళ మృదులాస్థి పాడైంది. లాబ్రడార్, రాట్‌వీలర్, అల్సేషియన్, గ్రేట్ డేన్ పిల్లలకు ఈ ప్రమాదం ఎక్కువ. మంచి ప్యాకెట్ ఆహారం పెడుతూ, దానిపైన కాల్షియం టానిక్ పోసేవారు పిల్లకు మేలుచేస్తున్నామనే అనుకుంటారు. చేస్తున్నది కీడు.

కనుక సూత్రం ఒకటే. ఇంటి తిండికి కాల్షియం కలపాలి. సంపూర్ణాహారమని రాసి ఉన్న ప్యాకెట్ తిండికి కలపకూడదు.

ఎదిగిన కుక్కకు: గుడ్డుపెంకు పొడి

ఎదుగుదల ఆగిన, ఆరోగ్యంగా ఉన్న కుక్కకు ఈ బాధ ఇంత లేదు. దానికి వెయ్యి కాలరీలకు ఒకటి, ఒకటింబాతిక గ్రాముల కాల్షియం చాలు. ఇది రోజూ మన వంటింట్లోంచి చెత్తబుట్టలోకి పోయే వస్తువులోనే ఉంది. కోడిగుడ్డు పెంకులో నూటికి 94 పాళ్ళు కాల్షియం కార్బొనేటే. ఒక్క గుడ్డు పెంకులో సుమారు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది.

చేసుకునే పద్ధతి ఇది. పెంకులను బాగా కడిగి, పది నిమిషాలు మరిగే నీళ్ళలో ఉడికించండి. పచ్చిపెంకులకు విరేచనాలు, జ్వరం తెప్పించే క్రిములు అంటుకుని ఉంటాయి. నీళ్ళు వంచి, ఎండలో గలగలలాడేదాకా ఆరబెట్టండి. లేదా పెనంమీద సన్నని సెగన వేడిచెయ్యండి. మిక్సీలో మెత్తగా పొడిచేసి, పల్చటి గుడ్డతో జల్లించండి. ముఖానికి రాసుకునే పౌడరులా ఉండాలి. వేళ్ళమధ్య గరుకు తగిలితే మళ్ళీ తిప్పండి. తడిలేని సీసాలో పోసి మూతపెడితే చాలాకాలం నిలవ ఉంటుంది.

అంచుకు సమంగా గీసిన ఒక టీస్పూను పొడిలో దాదాపు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. ఇంటి తిండి తినే పెద్దకుక్కకు రోజుకు కావలసింది ఉజ్జాయింపుగా ఇదీ:

5 కిలోల కుక్కకు పావు టీస్పూనుకు లోపు.
10 కిలోల కుక్కకు టీస్పూనులో మూడోవంతు.
20 కిలోల కుక్కకు అర టీస్పూను.
30 కిలోల కుక్కకు ముప్పాతిక టీస్పూను.

మాంసం లెక్కన చెప్పాలంటే, అరకిలో బొమికల్లేని మాంసానికి అర టీస్పూను. ఇలా కలిపితే మాంసంలోని భాస్వరానికి కాల్షియం సమానంగానో, కాస్త ఎక్కువగానో ఉంటుంది. ఉండవలసింది కూడా అంతే. కాల్షియం భాస్వరానికి తగ్గకూడదు, రెండింతలు మించకూడదు. పొడిని రోజూ తిండిలో బాగా కలిపి పెట్టండి. వారానికొకసారి గుప్పెడు వేస్తే మలబద్ధకం తప్ప లాభం లేదు. మూత్రపిండాల జబ్బు ఉన్న కుక్కకు, మూత్రంలో రాళ్ళు ఉన్న కుక్కకు డాక్టరును అడగనిదే ఈ పొడి పెట్టవద్దు.

గుడ్లు వాడని ఇళ్ళవారు మందులషాపులో దొరికే కాల్షియం కార్బొనేట్ మాత్రలు వాడవచ్చు. 1250 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ మాత్రలో అసలు కాల్షియం 500 మిల్లీగ్రాములే. పేరు పక్కనున్న పెద్ద అంకె చూసి మోసపోకండి. చాలా మాత్రల్లో డి విటమిన్ కలిపి ఉంటుంది, అదీ చూసుకోవాలి. తియ్యగా నమిలే మాత్రలు అసలు వద్దు. కొన్నిటిలో తీపికోసం కలిపే జైలిటాల్ కుక్కలకు విషం.

వంటింటి నమ్మకాలు కొన్ని

బొమికల చారు: ఎముకలను గంటలకొద్దీ మరిగించి ఆ చారు పోస్తే బలమంటారు. రుచికి మంచిదే. కాని ఎముకలోని కాల్షియం నీళ్ళలోకి దిగేది చాలా స్వల్పం. ఎముక గిన్నెలోనే మిగిలిందంటే కాల్షియం కూడా అక్కడే మిగిలిందని అర్థం.

రాగిజావ: ధాన్యాల్లో కాల్షియానికి రాగులదే పైచెయ్యి. వంద గ్రాముల పిండిలో 340 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. అన్నానికి బదులు పెట్టదగినదే. అయితే గింజలో ఉండే ఫైటేట్లు ఆ కాల్షియాన్ని కొంత పట్టి ఉంచుతాయి. భాస్వరం కూడా ఉంటుంది. కనుక మాంసపు లోటును రాగిజావతో పూడ్చలేం.

ఆకుకూరలు: తోటకూర, పాలకూరల్లో కాల్షియం ఉన్నా, ఆక్సలేట్లు దాన్ని ఒంటబట్టనివ్వవు. వీటిమీద ఆధారపడకూడదు.

నెత్తళ్ళు: ముల్లుతో సహా తినే చిన్నచేపల్లో కాల్షియం బాగా ఉంటుంది. పచ్చివి తెచ్చి మెత్తగా ఉడికించి పెట్టవచ్చు. ఎండుచేపల్లో ఉప్పు విపరీతం. నానబెట్టి, నీళ్ళు రెండుమూడు సార్లు మార్చినా పూర్తిగా పోదు. అప్పుడప్పుడు కొద్దిగా తప్ప వద్దు.

తాంబూలపు సున్నం: "సున్నమూ కాల్షియమే కదా" అని తిండిలో కలిపేవారున్నారు. అది నోటిని, గొంతును పొక్కిస్తుంది. ఎంత పడిందో కొలవడం కూడా కుదరదు. కుక్కకు పెట్టకూడదు.

మొక్కల ఎముకపొడి: గులాబీ చెట్లకు వేసే ఎరువు తిండి కాదు. అందులో సీసంవంటి లోహాలు, క్రిములు ఉండవచ్చు. మొక్కలకే వెయ్యండి.

పచ్చి మాంసం, పచ్చి ఎముకలు

1993లో ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ అనే ఆస్ట్రేలియా పశువైద్యుడు పుస్తకం రాసినప్పటినుంచి, కుక్కలకు పచ్చిమాంసం, పచ్చిఎముకలే పెట్టాలనే వాదానికి ప్రచారం వచ్చింది. మన నగరాల్లోనూ కొందరు అనుసరిస్తున్నారు. కోడిమెడల వంటి మెత్తటి పచ్చిఎముకను నమిలి మింగితే కాల్షియం అందుతుందన్నది నిజమే. ఈ వాదంలో ఒప్పుకోవలసిన భాగం అది.

ఒప్పుకోలేని భాగం కూడా ఉంది. పచ్చిమాంసంలోని సాల్మొనెల్లా వంటి క్రిములు కుక్క మూతినుంచి, గిన్నెనుంచి, మలంనుంచి ఇంట్లోవారికి అంటుకుంటాయి. పసిపిల్లలు, గర్భిణులు, ముసలివారు ఉన్న ఇంట్లో ఇది చిన్నవిషయం కాదు. అంతకంటే ముఖ్యం, గొర్రెల, పశువుల కార్జంలో, ఊపిరితిత్తుల్లో ఒక్కొక్కప్పుడు నీటితిత్తులు ఉంటాయి. వాటిని పచ్చిగా తిన్న కుక్క కడుపులో ఒకరకం చిన్న బద్దెపురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు కుక్క మలంలో పడి, మన చేతులద్వారా మన కడుపులోకి పోతే, మన కార్జంలో హైడాటిడ్ తిత్తులు లేస్తాయి. ఆపరేషన్ దాకా వెళ్ళే జబ్బు అది. అందుకని మాంసం, ముఖ్యంగా లోపలి భాగాలు, ఉడికించి పెట్టండి. డాక్టరు చెప్పిన ప్రకారం పురుగులమందు వేయించండి. కుక్కను ముట్టుకున్న చేతులు సబ్బుతో కడగనిదే అన్నానికి కూర్చోవద్దు.

ఇక ఉడికిన ఎముక. కూరలో ఉడికిన కోడి బొమికలు, కాల్చిన బొమికలు పెళుసుబారి సూదుల్లా చీలుతాయి. గొంతులో గుచ్చుకోవచ్చు, పేగును చీల్చవచ్చు. పండగనాడు విస్తట్లో బొమికలన్నీ కుక్కకు వేసే అలవాటు మానండి. మేక నల్లిబొమికలాంటి గట్టి ఎముకలు పళ్ళు విరగ్గొడతాయి. వాటినుంచి ఒంటబట్టే కాల్షియమూ తక్కువే.

మాంసం ఉడికించి, గుడ్డుపెంకు పొడి కలిపితే ఎముకవల్ల వచ్చే కాల్షియం దక్కుతుంది, ఎముకవల్ల వచ్చే ప్రమాదం తప్పుతుంది. మన ఇళ్ళకు ఈ దారే మంచిదని నా సలహా.

మరికొన్ని ప్రశ్నలు

ప్రశ్న: పిల్లను రోజూ ఎండలో పడుకోబెడితే డి విటమిన్ తయారై ఎముకలు గట్టిపడవా?
జవాబు: మనుషులకు సరే. కుక్క చర్మంలో ఎండవల్ల డి విటమిన్ చాలినంత తయారుకాదు. దానికి తిండిద్వారానే అందాలి. గుడ్డు పచ్చసొన, కొవ్వు ఉన్న చేపలు, కొద్దిగా కార్జం వల్ల లభిస్తుంది. కార్జం తిండిలో ఇరవయ్యోవంతు మించవద్దు. ఎ విటమిన్ ఎక్కువైనా ఎముకలకు చేటే. ఎవరో చెప్పారని డి విటమిన్ ఇంజక్షన్లు వరసగా వేయించకండి. అది ఒంట్లో పేరుకుని మూత్రపిండాలను పాడుచేస్తుంది.

ప్రశ్న: మేము శాకాహారులం. మా కుక్క ఐదేళ్ళుగా పప్పన్నం, పెరుగన్నం తింటోంది. దానికి కాల్షియం కలపాలా?
జవాబు: కలపాలి. గ్లాసుడు పెరుగులో 250 మిల్లీగ్రాముల లోపే ఉంటుంది. పది కిలోల కుక్కకైనా అది చాలదు. పైన చెప్పిన కాల్షియం కార్బొనేట్ మాత్రను పొడిచేసి కలపండి. పప్పు పాళ్ళు పెంచండి. ఆ పప్పులో ఉల్లి, వెల్లుల్లి వెయ్యకండి. అవి కుక్క రక్తకణాలను నాశనం చేస్తాయి. కుక్కపిల్లను మాత్రం వట్టి పెరుగన్నంమీద పెంచవద్దు.

ప్రశ్న: మా పామరేనియన్ ఈని మూడువారాలైంది. నాలుగు పిల్లలు. నిన్న సాయంత్రంనుంచి రొప్పుతూ, వణుకుతూ, కాళ్ళు బిగదీస్తోంది. కాల్షియం టానిక్ పోశాం. తగ్గలేదు.
జవాబు: ఇలాంటప్పుడు ఉత్తరం రాసి జవాబుకోసం ఆగకూడదు. ఇది చదివేవారిలో ఎవరి కుక్కకైనా ఇలా కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి, అర్ధరాత్రయినా సరే. పాలద్వారా కాల్షియం పోయి, రక్తంలో ఒక్కసారిగా పడిపోవడంవల్ల వచ్చే జబ్బు ఇది. చిన్నజాతి తల్లులకు, ఈనిన మొదటి నాలుగు వారాల్లో ఎక్కువ. జ్వరం పెరిగి, మూర్ఛలు వచ్చి గంటల్లో ప్రాణం పోవచ్చు. డాక్టరు నరంలోకి మెల్లగా కాల్షియం ఎక్కిస్తే అంతే త్వరగా తేరుకుంటుంది. పిల్లలను కనీసం ఒకరోజు తల్లిదగ్గర వదలక, డాక్టరు చెప్పిన పాలు పట్టాలి. వణికే కుక్క నోట్లో టానిక్ పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంకో సంగతి. చూలు మోసేటప్పుడు ముందుజాగ్రత్తని కాల్షియం ఎక్కువగా పెడితే, పారాథైరాయిడ్ గ్రంథులు మందగించి, ఈనిన తర్వాత ఈ జబ్బు వచ్చే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. చూలుకుక్కకు మంచి తిండి పెట్టండి, విడిగా కాల్షియం పెట్టకండి.

ప్రశ్న: వీధికుక్కలకు ఏ పొడీ ఎవరూ పెట్టరు. వాటి కాళ్ళు వంకర్లు పోవేం?
జవాబు: వీధికుక్క వట్టి కండ తినదు. మాంసం కొట్టుదగ్గర బొమికలు, తోకలు, కోడికాళ్ళు, దొరికితే ఎలుకను ఎముకలతో సహా తింటుంది. పైగా మధ్యరకం శరీరం, మెల్లని ఎదుగుదల. నెలకు మూడునాలుగు కిలోలు పెరిగే అల్సేషియన్ పిల్లకున్నంత అవసరం దానికి లేదు. ఇంకొక సంగతి కూడా మరవకూడదు. బతకలేని పిల్లలు మన కంటపడకుండానే పోతాయి. మనకు కనబడేవి బతికి బట్టకట్టినవే.

ప్రశ్న: మా లాబ్రడార్ పిల్లకు ఇదే జబ్బని చెప్పారు. తిండి మార్చి వారమైంది. కుంటు తగ్గింది. ఇక ఆడుకోనివ్వవచ్చా?
జవాబు: వద్దు. నొప్పి ముందు తగ్గుతుంది, ఎముక తర్వాత గట్టిపడుతుంది. ఎముక నిండుకోవడానికి నెల, రెండు నెలలైనా పడుతుంది. హుషారు చూసి వదిలేస్తే ఈ మధ్యకాలంలోనే కాళ్ళు విరుగుతుంటాయి. మళ్ళీ ఎక్స్‌రే తీయించి, డాక్టరు సరేనన్నాకే పరుగులు. కొద్దిపాటి వంకర ఎదుగుదలతోపాటు సర్దుకోవచ్చు. బాగా వంగినది అలాగే మిగిలిపోవచ్చు. వంకర కాలితోనూ కుక్క సుఖంగా బతుకుతుంది. ఒళ్ళు మాత్రం పెరగనివ్వకండి. బరువు పెరిగితే ఆ కాలే మొయ్యాలి.